ముప్పై ఎనిమిది తర్వాత పుట్టినవాళ్ళు

నేరెళ్ళపేటలోని పడుగుల వాడ ఒక మంగళవారం నాడు చరిత్ర అయిపోయింది. సోమవారం సాయంత్రం దాకా అది ఉత్త వాడే. రెండు వరసల పెంకుటిళ్ళు, మధ్యలో రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు బాట, బాట చివర మూతపడిన నూలు మిల్లు, మిల్లు పొగగొట్టం మీద మొలిచిన పిచ్చిమొక్క. మంగళవారం పొద్దున జీపులో వచ్చినవాళ్ళు టేపులతో కొలిచి, గోడలు గీకి, గీకిన సున్నాన్ని చిన్న చిన్న సంచుల్లో కట్టుకుని పోయారు. నెల తిరగకముందే వాడ మొదట్లో నీలం రంగు బోర్డు లేచింది. ఇకమీదట ఆ వాడ వారసత్వ మండలమని దాని మీద రాసి ఉంది.

వాడలో వాళ్ళు మొదట సంతోషించారు. మోరీలు కట్టిస్తారనుకున్నారు.

వచ్చింది మోరీ కాదు, నిబంధన. మిల్లు గేటు మీద 1938 అని అచ్చు పోసి ఉంది కాబట్టి వాడకు అదే ప్రామాణిక సంవత్సరం. ఆ ఏటిది, అంతకు ముందుది ఏదైనా మూలాంశం. ఆ తర్వాత వచ్చింది ఏదైనా తదనంతర చేర్పు. మూలాంశాలను కాపాడాలి. తదనంతర చేర్పులను తీసేయాలి. తీయడానికి వీలు కాకపోతే సందర్శకుల కంట పడకుండా చూడాలి. ఇంత సులువైన నిబంధన ఆ శాఖలో అంతకు ముందు ఎన్నడూ పుట్టలేదనీ, దాన్ని రాసిన సంచాలకుడికి ఆ ఏడు ఉత్తమ అధికారి పతకం వచ్చిందనీ చెప్పుకున్నారు.

అమలు మొదలైంది. కరెంటు మీటర్లకు వెదురు తడికలు కట్టారు. నల్లాలకు గోనెపట్టాలు చుట్టారు. సిమెంటు మెట్లకు ఎర్రమన్ను పూశారు. వాన పడ్డప్పుడు మన్ను జారింది, మన్నుతో పాటు మనుషులు జారారు. అన్నీ అయ్యాక, బుద్ధి చురుకైన ఒక గుమాస్తా మిగిలిపోయిన సంగతొకటి పట్టుకున్నాడు. వాడలో మనుషులున్నారు. వాళ్ళు ఏ సంవత్సరానివాళ్ళు?

ఆధార్ కార్డులు తెప్పించి చూశారు. వాడలో సగం మంది జనవరి ఒకటో తారీఖునే పుట్టారని తేలింది. శాఖ దాన్ని ఒక విశేషంగా రాసుకుంది. నూట నలభై రెండు మంది తదనంతర చేర్పులని తేలింది. మూలాంశం ఒక్కడే ఉన్నాడు. అతని పేరు నాంపెల్లి. ముప్పై ఆరులో పుట్టాడు.

అప్పటి నుంచి శనివారం వస్తే, సందర్శకుల రోజు కాబట్టి, పొద్దున ఎనిమిదింటికి రెండు ట్రాక్టర్లు వచ్చి నూట నలభై రెండు మందిని ఎక్కించుకుపోయి మార్కెట్ యార్డు షెడ్డులో దించేవి. సాయంత్రం అయిదింటికి తిరిగి తెచ్చి వాడలో వదిలేవి. నాంపెల్లి మాత్రం తన అరుగు మీదే ఉండేవాడు. అతని మెడలో చిన్న పలక వేలాడేది: మూలాంశం, ముట్టరాదు. కళ్ళద్దాలు తదనంతర చేర్పు కాబట్టి తీసి పెట్టారు. పళ్ళ సెట్టు కూడా తీసి పెట్టారు. శుక్లాల ఆపరేషన్లో కంట్లో వేసిన అద్దం విషయంలో మూడు నెలలు ఉత్తరాలు నడిచాయి. చివరికి, సదరు అద్దము కన్ను లోపల ఉన్నందున సందర్శకుల కంట పడదు గనుక ఉండనీయవచ్చునని జవాబు వచ్చింది. ఆ శాఖ దయ లేనిదని ఎవరూ అనడానికి వీల్లేదు.

నాంపెల్లి ఇంటికి ఎదురిల్లు పదిహేడో నంబరు. అందులో దూస వజ్రవ్వ ఒక్కతే ఉంటుంది. అరవై తొమ్మిదేళ్ళు ఉంటాయి కాబట్టి ఆమె చేర్పే. కానీ ఆమె ఇంట్లో ఉన్న గుంట మగ్గం ముప్పై ఎనిమిదిలో ఆమె మామ చేయించింది. అందుకని శాఖ ఆ ఇంటిని నమూనా మగ్గపు గృహంగా ఎంచింది. సర్వేకు వచ్చినవాళ్ళను చూసి వజ్రవ్వ కుర్చీ తుడిచి వేసింది, చాయ్ పెట్టింది. మగ్గం మీద ఆ జానెడు పోగులేమిటని వాళ్ళడిగితే దాచకుండా చెప్పింది. తొంభై ఆరులో తన పెనిమిటి ఎక్కించిన పడుగు, దాని కొస అది అని. వాళ్ళు శ్రద్ధగా రాసుకున్నారు. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

మగ్గం సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడొకటి చెప్పాలి. పడుగు, అంటే బట్టలోని నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు ఏ నేతగాడూ ఆఖరి దాకా నేయడు. పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చులో జానెడు పోగులు ఉండగానే ఆపి బట్ట కోస్తాడు. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని ఒక్కో పోగునూ ఈ పాత జానెడులోని ఒక్కో పోగుకు వేళ్ళ మధ్య మెలిపెట్టి అతుకుతాడు. అతికినదాన్ని ముందుకు లాగితే కొత్త పోగులు పాతవాటి వెంట వాటంతట అవే అచ్చులోంచి వస్తాయి. ఆ జానెడూ లేకపోతే పద్దెనిమిది వందల పోగుల్ని కన్నం కన్నానికీ చేత్తో ఎక్కించుకోవాలి. అందుకే నేసే ఇంట్లో అచ్చు ఖాళీగా ఉండదు. ఖాళీ అచ్చు ఉన్న ఇంట్లో ఇక ఎవరూ నేయరని అర్థం.

తొంభై ఆరులో మిల్లు మూతపడింది, నూలు రావడం ఆగింది. వాడ మగవాళ్ళు మరమగ్గాల పని కోసం గుంపులు గుంపులుగా భివండి బస్సెక్కారు. వజ్రవ్వ పెనిమిటి విఠలయ్య బట్ట కోసి, కత్తెర గూట్లో పెట్టి, చెప్పులు తొడుక్కుంటూ ఒక మాట అన్నాడు. "అచ్చు ఖాళీ చెయ్యకు. దసరాకొస్త. నేనే అతుకుత." రెండు ఉత్తరాలు వచ్చాయి. అవి ఇంకొకరితో చదివించుకోవడం ఇష్టం లేక, వజ్రవ్వ నూలు బేళ్ళ మీది అక్షరాలు పట్టుకుని చదువు నేర్చుకుంది. నేర్చుకునే లోపు విఠలయ్య జ్వరంతో పోయాడు. వెంట వెళ్ళినవాళ్ళు అక్కడే దహనం చేసి, అతని అంగీ, సంచీ తెచ్చి ఇచ్చారు.

ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ జానెడు పోగుల మీద దుమ్ము పడితే ఊది తీసింది. ఎలుకలకు భయపడి వేపాకు కట్టింది. ఎక్కడికి పోయి వచ్చినా ముందు వాటిని తడిమి చూసి, ఆ తర్వాతే చెంగున కట్టిన తాళంచెవి విప్పి పెట్టేది. అతకడం ఆమెకు రాక కాదు. మామ ఉన్నప్పుడు వాడలో ఆమె చేతి అంత నున్నగా మెలిక పడే చెయ్యి ఇంకోటి లేదు. అతికితే, అతకడానికి వస్తానన్న మనిషికి ఇక రావలసిన పని లేనట్టవుతుందని ఆమె భయం. భయానికి లెక్క ఉండదు కదా.

ఆషాఢంలో జాబు వచ్చింది. వజ్రవ్వ అరుగు మీద కూర్చుని నాలుగు సార్లు చదివింది.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇంటి నెం. 17 లోని మగ్గము మూలాంశముగాను, దానిపై గల పోగులు (1996) తదనంతర చేర్పుగాను నిర్ధారింపబడినవి. వచ్చే శనివారము గౌరవ సంచాలకులవారు సదరు పోగులను స్వహస్తములతో కత్తిరించి నమూనా మగ్గపు గృహమును ప్రారంభించెదరు. ఇందువలన రిబ్బను అవసరము కూడ తప్పును."

మర్నాడే ఆమె నలభై కిలోమీటర్లు బస్సులో పోయి జిల్లా కేంద్రంలో శాఖ కార్యాలయం మెట్లెక్కింది. గుమాస్తా మర్యాదస్తుడే. మండలవాసులకు అభ్యంతరాలుండే ఏర్పాటు నిబంధనల్లో లేదని మెల్లగా చెప్పాడు. అభిప్రాయాలు సందర్శకులకు మాత్రమే ఉంటాయట. వాళ్ళ కోసం పుస్తకం కూడా పెట్టారట. సందేహాలడిగే హక్కు కూడా వాళ్ళదేనట. శనివారం నా ఇంట్లో నేను ఉండొద్దా అని ఆమె అడిగితే, ఉండకూడదన్నాడు. సందర్శకురాలు అయితే ఉండవచ్చా అంటే, సందర్శకులు తప్పక ఉండాలి, వాళ్ళ కోసమే కదా అన్నాడు. గోడ మీద పోస్టరు అంటించి ఉంది: ఒక్కరోజు వారసత్వ యాత్ర, జిల్లా కేంద్రం నుంచి నేరెళ్ళపేటకు, భోజనంతో సహా.

వజ్రవ్వ టికెట్ కొనుక్కుంది.

శనివారం తెల్లవారుతూనే నేరెళ్ళపేట నుంచి మొదటి బస్సెక్కి జిల్లా కేంద్రం చేరి, అక్కడ యాత్ర బస్సెక్కి తిరిగి నేరెళ్ళపేటకు బయలుదేరింది. నెత్తికి తెల్లటోపీ పెట్టారు. చేతికి నీళ్ళ సీసా ఇచ్చారు. కొంగుకు గుండ్రటి బిళ్ళ గుచ్చారు: నేను వారసత్వ ప్రేమికుడిని. బస్సు ఊరి పొలిమేర దాటుతుంటే ఎదురుగా ట్రాక్టర్లు వచ్చాయి. వాడ వాడంతా వాటిలో నిలబడి ఉంది. బస్సు పక్కకు ఆగింది. యాత్రికులు ఫోటోలు తీసుకున్నారు. ట్రాక్టర్లోంచి బైరి కొమురవ్వ కిటికీలో టోపీని చూసింది, టోపీ కింద మొహాన్ని చూసింది.

"ఓ వజ్రవ్వా, మా వాడ మంచిగ చూసి రా. ఎట్లుంటదో మాక్కూడ జెప్పు."

వజ్రవ్వకు నవ్వు రాలేదు. బస్సు ఆలస్యమైతే? వాళ్ళు ముందే కోసేస్తే? దారిలో టైరు పగిలితే? ఇన్నేళ్ళుగా ఎవరు ఏ ఊరు పోతున్నా ఆమెకు ఇవే ప్రశ్నలు. ఈ రోజు పోతున్నది తన ఇంటికే అయినా ప్రశ్నలు మారలేదు.

గైడు పేరు మృదుల. మంచి పిల్ల. రాసిచ్చినదాన్ని తప్పు పోకుండా ఒప్పజెబుతుంది. మిల్లు గేటు దగ్గర పావుగంట, మేనేజరు బంగళా దగ్గర అరగంట ఆపింది. బంగళాలో తేళ్ళు ఉన్నందున బయటి నుంచే అనుభూతి పొందాలని కోరింది. వాడలోకి వచ్చాక, ఈ వీధి ఇంత విశాలంగా ఉండడానికి కారణం పూర్వం ఇక్కడ జమీందార్ల ఏనుగులు ఊరేగడమేనని చెప్పింది.

వజ్రవ్వ ఉండబట్టలేకపోయింది. "పడుగులు సాగదీసేటందుకు బిడ్డా. ఈ కొస నుంచి ఆ కొస దాక పడుగు పరిచి గంజి పట్టిచ్చేటోళ్ళం. ఏనుగొస్తే తెంపిపోదా?"

సందేహాలు చివర్లో తీసుకుంటామని మృదుల చిరునవ్వుతో చెప్పింది. గోడల మీద గంజి మరకలను కుడ్యచిత్రాలుగా చూపించింది. యాత్రికులు దూరం జరిగి, మళ్ళీ దగ్గరకు వచ్చి, అవి చాలా లోతుగా ఉన్నాయన్నారు.

నాంపెల్లి ముందు అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. వరసకు మామయ్యే ఆయన్ని వజ్రవ్వ వంగి మెల్లగా పిలిచింది. అద్దాలు లేని ముసలాయన కళ్ళు చిట్లించాడు.

"ఎవలు?"

"నేను మామా, వజ్రవ్వను."

"నువ్వు చేర్పువు గదనే. ఎట్ల రానిచ్చిండ్రు?"

"టికెట్ కొన్న."

"మంచి పని జేసినవ్. అగ్గిపెట్టె ఉన్నదా?" ముసలాయన గొంతు తగ్గించాడు. "బీడీ ముప్పై ఎనిమిదిల ఉండెనని ఒప్పుకున్నరు. అగ్గిపెట్టె మీద ఇంకా జవాబు రాలే."

పదిహేడో నంబరు ఇంటికి మామిడాకులు కట్టారు. గుమ్మం పక్కన కొత్త బోర్డు ఉంది. అక్షరమున్న ప్రతిదీ చదవడం వజ్రవ్వకు అలవాటు కాబట్టి దాన్నీ చదివింది. పై సగం రక్షణ విభాగం రాయించింది: మండలవాసులు మగ్గమును తాకరాదు. కింది సగం పర్యాటక విభాగం రాయించింది: ప్రతి సందర్శకుడు పదిహేను నిమిషములు మగ్గముపై కూర్చుండి, తాకి, అనుభూతి పొందవలెను. రెండు విభాగాలకూ మాటల్లేవని, బోర్డు మాత్రం ఖర్చు కలిసొస్తుందని ఒక్కటే చేయించారని తర్వాత తెలిసింది.

లోపల సంచాలకుడు నిలబడి ఉన్నాడు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, కత్తెర. అది గూట్లోని కత్తెరే. విఠలయ్య పెట్టిపోయిన కత్తెరే. పాతదిగా కనబడింది గనుక దాన్నే వాడదామని ఎవరో అన్నారట. సంచాలకుడు గతం మనకు పునాది అని మొదలుపెట్టి, ఆ పునాదిపై పేరుకున్న చెత్తను తొలగించడమే వారసత్వ పరిరక్షణ అని ముగించాడు. చప్పట్లు కొట్టారు. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు.

వజ్రవ్వ నెత్తి మీది టోపీ తీసి, ఆ చెయ్యి పైకెత్తింది.

"సందర్శకురాలి సందేహం" అని మృదుల ప్రకటించింది. సంచాలకుడి మొహం వికసించింది. సందర్శకుల భాగస్వామ్యం నివేదికలో ఒక గడి. నెల నెలా అది ఖాళీగా పోతోంది. అడగండమ్మా, నిర్భయంగా అడగండి అన్నాడు.

"ఆ పోగులు ఎప్పటివని రాసుకున్నరు సారూ?"

"పందొమ్మిది వందల తొంభై ఆరు. నిర్ధారిత సమాచారం."

"తొంభై ఆరుల పోగులు దేనికి అతికిండ్రు?"

సంచాలకుడు ఫైలు చూశాడు. ఫైలులో లేదు. మృదులను చూశాడు. ఒప్పజెప్పవలసిన దానిలోనూ లేదు.

వజ్రవ్వ చెప్పింది. తొంభై ఆరు పడుగును తొంభై అయిదు పడుగు కొసకు అతికారు. దాన్ని అంతకు ముందటి దాని కొసకు. అలా వెనక్కి వెనక్కి పోతే, ముప్పై ఎనిమిదిలో ఆమె మామ రెండు రోజులు అన్నానికి లేవకుండా కూర్చుని అచ్చు కన్నాల్లోకి ఒక్కో పోగూ ఎక్కించిన మొదటి పడుగు. "ఆనాటి సంది ఈ అచ్చు ఒక్కనాడు ఖాళీ కాలే సారూ. కోస్తే మీరు కోసేది తొంభై ఆరును కాదు. ముప్పై ఎనిమిది తెగుతది."

కత్తెర గాలిలో ఆగింది. పక్క జిల్లాలో ఒక అధికారి పొరపాటున అసలు తలుపుకు రంగు వేయించి సస్పెండయ్యాడన్న సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. సంచాలకుడు కత్తెరను, కాటేసేదాన్ని దించినట్టు, పళ్ళెంలోకి దించాడు. అధికారులు ముగ్గురూ వంటింట్లోకి పోయి, వజ్రవ్వ ఉప్పు జాడీ పక్కన నిలబడి సమావేశం జరుపుకుని వచ్చారు.

"అవిచ్ఛిన్నతా సూత్రమును అనుసరించి సదరు పోగులు మూలాంశముగా ప్రకటింపబడినవి" అని సంచాలకుడు చెప్పాడు. మళ్ళీ చప్పట్లు. వజ్రవ్వ గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి పూర్తయ్యే లోపే రెండో వాక్యం వచ్చింది. మూలాంశం కాబట్టి మగ్గం గదికి శాఖ తాళం పడుతుంది. శనివారం తప్ప తెరవరు. మండలవాసులు, ముఖ్యంగా ఇంటి యజమాని, దాన్ని తాకడం నేరం.

పోగులు దక్కాయి. కానీ వాటి మీద దుమ్ము ఊదే నోరు, తడిమే చెయ్యి, ఆ రెండూ చేర్పులు.

ఆమె అలాగే నిలబడి ఉంటే మృదుల వచ్చి చేయి పట్టుకుంది. "అమ్మా, మీ పదిహేను నిమిషాలు."

"నేనా?"

"ప్రతి సందర్శకుడూ తప్పక కూర్చోవాలమ్మా. లేకపోతే నాకు మాటొస్తుంది."

వజ్రవ్వ గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంది. కాపురానికి వచ్చిన నలభై తొమ్మిదేళ్ళలో ఆ చోట కూర్చోవడం అదే మొదలు. అది మామ చోటు, తర్వాత విఠలయ్య చోటు. ఆమె పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. తొక్కే కట్టెలు పాదాలకు అందాయి. రెండు పాదాల అచ్చులు ఆ కట్టెల్లో నున్నగా అరిగి ఉన్నాయి. ఆమె తన పాదాలు వాటిలో పెట్టుకుంది. అవి ఆమె పాదాల కంటే పెద్దవి. పదిహేను నిమిషాలూ అలాగే కూర్చుంది. అయ్యాక లేచి టోపీ తిరిగి ఇచ్చేసింది.

ఆ సాయంత్రం ట్రాక్టర్లు వాడను తిరిగి దించాక, ఆమె నాంపెల్లి దగ్గరకు పోయి అద్దాలు ఆయన చెవులకు తగిలించి, మీ అటక మీద పాత పడుగు ఉండాలి కదా అని అడిగింది. ఉందన్నాడు. తొంభై అయిదుది, ఎక్కించకుండానే మిగిలిపోయింది. శాఖవాళ్ళకు తెలిస్తే ఏమంటారోనని ఆమె గొణిగింది.

"నేను మూలాంశాన్ని" అన్నాడు నాంపెల్లి. "నా ఇంట్ల సోదా ఎవడు చేస్తడు? తీసుకపో. ఇన్నేండ్లకు అడిగినవ్."

ఆ తర్వాతి శనివారం వజ్రవ్వ మళ్ళీ పొద్దున బస్సెక్కి పోయి, యాత్ర బస్సులో తిరిగి వచ్చింది. అన్నం సంచిలో అన్నం కింద పడుగు ఉంది. మృదుల సంచి తెరిచి చూసి, కాసేపు ఆలోచించి, రిజిస్టరులో సందర్శకురాలి సొంత అనుభూతి సామగ్రి అని రాసుకుంది. పదిహేను నిమిషాల్లో నూట పది పోగులు అతికింది. వేళ్ళు మొద్దుబారాయి, కానీ మరిచిపోలేదు. మరుసటి వారం నూట నలభై. ఆ మరుసటి వారం పక్కన కొమురవ్వ ఉంది, నెత్తిన టోపీతో. ట్రాక్టర్ ఎక్కడం కంటే బస్సెక్కడం సుఖమని ఆమె ఒక్క నోటితో వాడంతా చాటింది. శ్రావణం వచ్చేసరికి మార్కెట్ యార్డు షెడ్డు ఖాళీ అయింది. వాడంతా శనివారం పొద్దున నలభై కిలోమీటర్లు పోయి, సందర్శకులై వాడకు తిరిగి వస్తోంది. యాత్రకు మూడు బస్సులు పెట్టారు. ఒక్కొక్కరి పదిహేను నిమిషాలు ఒక్కొక్కరివి, కానీ అతుకు మరిచిపోని వేళ్ళు వాడలో కొన్నే గనుక శనివారానికి రెండు వందల లోపు పోగులే పడేవి. కొమురవ్వ ఎనభై పోగులు అతికింది, ఆమె మరిది నూరు. సందర్శకుల భాగస్వామ్యం గడిలో అంకెలు పట్టక గడి పెద్దది చేశారు. సంచాలకుడికి రెండో పతకం వచ్చింది.

ఆఖరి పోగు వజ్రవ్వకే వదిలారు. ఆశ్వయుజం మొదటి శనివారం అది. దాన్ని మెలిపెట్టి, మెల్లగా ముందుకు లాగింది. ముడి తెగుతుందేమో, అచ్చులో ఇరుక్కుంటుందేమో, ఇన్నేళ్ళ పోగు చివికి ఉంటుందేమో అనుకుంటూనే లాగింది. ఏదీ కాలేదు. విఠలయ్య జానెడు పోగులు అచ్చు దాటి ఇవతలకు వచ్చాయి. వాటి వెనకే కొత్తవి వచ్చి ఆ కన్నాల్లో నిలబడ్డాయి. గుమ్మంలో వాడ నిలబడి చూస్తోంది. కొమురవ్వ ముక్కు చీదింది. బయటి నుంచి వచ్చిన ఇద్దరు యాత్రికులు ఇది రోజూ ఉండే ప్రదర్శనేనా అని అడిగారు.

పోయేటప్పుడు వజ్రవ్వ అభిప్రాయ పుస్తకం దగ్గర ఆగింది. పేరు దగ్గర తన పేరు, ఊరు దగ్గర పదిహేడో నంబరు ఇల్లు, పడుగుల వాడ అని రాసింది. అభిప్రాయం దగ్గర, నూలు బేళ్ళ మీద నేర్చుకున్న పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: దసరాకొస్తనన్నవు. నేనే అతికిన. ఇగ నీ కోసం ఆపను.

మూడు వారాలకు జాబు వచ్చింది.

"తమరి అభిప్రాయము అందినది. తమరు పేర్కొన్న దసరా కార్యక్రమము గూర్చి ఈ కార్యాలయ రికార్డులలో ఎట్టి హామీయు కనబడలేదు. అయినను విషయము పరిశీలనలో ఉన్నది. వారసత్వము పట్ల తమరి ఆసక్తికి ధన్యవాదములు."

వజ్రవ్వ ఈసారి ఒక్కసారే చదివింది. అతుకుల వరస బట్ట చుట్టే కట్టె మీదికి వచ్చినప్పుడు ముడులు గుచ్చుకుని కొత్త బట్ట మీద గీతలు పడతాయి. అందుకని అక్కడ ఒక గట్టి కాగితం మడతపెట్టి చుట్టడం ఆ ఇంటి పద్ధతి. మామ చుట్టేవాడు, విఠలయ్య చుట్టేవాడు. శనివారం తన పదిహేను నిమిషాలు రాగానే ఆమె జాబును సరిగ్గా కట్టె పొడవుకు చింపి, ముడుల మీద పరిచి, కట్టె ఒక చుట్టు తిప్పింది. శాఖ కాగితం మంచి మందంగా ఉంది. ఒక్క ముడి కూడా తేలలేదు. ఆమె అడ్డపోగు నేసే నాడె చేతిలోకి తీసుకుంది.